నీలి తేలుది ఏ ఊరు?

హెర్లిందా మొగుడి పేరు ఈ కథలో రాదు. ఎందుకు రాదో చివరికొచ్చేసరికి మీరే ఒప్పుకుంటారు. ఇంట్లో మనవరాలికి ఆయన తాత, కూతురికి నాన్న, హెర్లిందాకి ముసలోడు. మనకీ ముసలాయనే.

ఎల్ పాసోలో, నది మీది వంతెనకి నాలుగు వీధుల ఇవతల, పాత టైర్ల షెడ్డు ఒకటి పాడుబడి ఉండేది. బాల్తసార్ అనేవాడు దాన్ని అద్దెకి తీసుకుని హోటలు పెట్టాడు. పేరు 'మూడో పట్టు'. మెక్సికో వాళ్ళు మొహానికి ముసుగు కట్టుకుని ఆడే కుస్తీలో మూడు పట్లు ఉంటాయి, రెండు గెలిచినవాడిది ఆట. చెరొకటీ అయితే మూడోది తేలుస్తుంది. షెడ్డు మధ్యలో నిజమైన బరి కట్టించాడు. నాలుగు మూలలా స్తంభాలు, చుట్టూ మూడు వరసల తాళ్ళు, లోపల ఆరు బల్లలు. గోడల నిండా గాజు పెట్టెల్లో ముసుగులు. వంటింటి కిటికీ పక్కన ఇత్తడి గంట. అది మోగిందంటే ఎవరిదో తిండి వచ్చిందన్నమాట.

ఆ ఆదివారం మనవరాలు హిమేనాకి పదకొండేళ్ళు నిండాయి. పిల్ల పట్టుబట్టి ఆ హోటలే కావాలంది. చర్చిలో పూజ అయిపోగానే హెర్లిందా, ముసలాయన, కూతురు నొయెమీ, హిమేనా నలుగురూ అక్కడికి చేరారు. బరిలో బల్ల దొరికింది. నొయెమీ తాళ్ళ మధ్య దూరబోయి గౌను చిక్కుకుని తిట్టుకుంది. హెర్లిందాని ఇద్దరు పట్టుకుని లోపలికి లాగాల్సొచ్చింది. ముసలాయనకి డెబ్బయ్యారు, కుడి మోకాలు సరిగా వంగదు. అయినా పై తాడు మీద చెయ్యి వేసి నొక్కి, నడుము ఒక్క తిప్పు తిప్పి, లోపల నిలబడ్డాడు. రోజూ పెరటి గుమ్మం దాటేవాడిలా దాటాడు. హెర్లిందా చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంది. హిమేనా మాత్రం చూసింది.

బాల్తసార్ నలభై ఏళ్ళవాడు. బానపొట్ట మీద, కుస్తీ గెలిచినవాళ్ళు కట్టుకునేలాంటి గిల్టు పతకం పట్టీ కట్టుకుని తిరుగుతాడు. ప్రతి బల్ల దగ్గరా ఆగి, తన హోటలు నియమం గొంతెత్తి చెప్తాడు. బర్రీటో అంటే చుట్టిన రొట్టె, లోపలేముందో బయటికి కనపడదు. అందుకని ముసుగు నిలబెట్టుకున్న మల్లుల పేర్లన్నీ బర్రీటోలకి. బర్గర్‌కి మూత ఉంటుంది, ఎత్తితే లోపల బయటపడుతుంది. అందుకని ముసుగు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లన్నీ బర్గర్లకి. బర్గర్ వచ్చేటప్పుడే మూత తీసి పళ్ళెం పక్కన పెట్టి తెస్తారు. ఓడినవాడి మొహం జనం చూడాలి కదా అని నవ్వాడు. జనమూ నవ్వారు. హెర్లిందాకీ నవ్వొచ్చింది. వెధవకి బుర్ర ఉంది అనుకుంది.

తరవాత కళ్ళజోడు పెట్టుకుని తిండి పట్టీ చదివింది. కుడివైపు బర్రీటోలు పదకొండు. ఎడమవైపు బర్గర్లు తొమ్మిది. తొమ్మిదోది అన్నిటికంటే చిన్నది, పిల్లల కోసం, ఉల్లిపాయ కూడా వెయ్యరు. దాని పేరు 'నీలి తేలు'.

ఆమె మళ్ళీ చదివింది. పట్టీని మొగుడి వైపు తోసి, ఆ వరస మీద గోరు పెట్టి గీకింది. ముసలాయన చదివాడు.  హోటలు పిల్ల వచ్చి ఏం కావాలని అడిగితే, "నాకు ఆ తేలు ఇవ్వమ్మా" అన్నాడు. పైగా పెదాల చాటున నవ్వు.

ఆ నవ్వు హెర్లిందాకి ఒళ్ళు మండించింది.

ఎందుకు మండిందో చెప్పాలి. నలభైమూడేళ్ళ కిందట ఈ ఊళ్ళో జీన్సు ఫ్యాక్టరీ ఒకటుండేది. అందులో నాలుగొందల మంది ఆడవాళ్ళు మిషన్ల ముందు వంగి వంగి నడుములు పోగొట్టుకునేవాళ్ళు. మూత్రానికి వెళ్ళాలన్నా చెయ్యెత్తి అడగాలి. హెర్లిందా ఒకరోజు చెయ్యెత్తలేదు, లేచి నిలబడింది. ఆమె వెనక మూడొందలమంది లేచారు. పందొమ్మిది నెలలు సమ్మె. పందొమ్మిది నెలలూ ఆమెకి జీతం లేదు. ముసలాయన, అప్పటికి కుర్రాడే, వారమంతా బస్సు షెడ్డులో గ్రీజు పూసుకుని, ఆదివారం భోజనం డబ్బా పట్టుకుని వంతెన దాటి మెక్సికో వైపు హువారెస్‌లో కుస్తీ పట్టడానికి వెళ్ళేవాడు. డబ్బాలో పైన టోర్టియా రొట్టెలు, కింద నీలం ముసుగు. ఆ ముసుగు కుట్టింది హెర్లిందా. పసుపు కొండీలు, నుదుటి మీద వంకర తోక. బరిలో ఆయన నీలి తేలు. ఇంటికొచ్చాక వాచిన మొహానికి ఇంజను తగిలిందని కారణం. మూడేళ్ళ నొయెమీ నమ్మింది. వీధీ నమ్మింది. తెలిసిన మనిషి లోకంలో హెర్లిందా ఒక్కతే.

సమ్మె పదో నెలలో పోటీలు నడిపేవాడు ఒక బేరం పెట్టాడు. ముసుగుకి ముసుగు పోటీలో నీలి తేలు ఓడిపోవాలి. బరిలో ముసుగు విప్పాలి. ఆరు నెలల బియ్యం, బీన్సు, అద్దె అన్నీ తీరిపోయే డబ్బు. ఆయన వచ్చి చెప్పినప్పుడు వంటింట్లో ఉడుకుతున్నది సమ్మెలో ఉన్న నలభైమందికి సరిపడా గంజి. హెర్లిందా గరిట ఆపకుండానే అంది: నేను గేటు దగ్గర తల వంచట్లేదు, నువ్వు బరిలో మొహం అప్పగించకు. ఆయన అప్పగించలేదు. సమ్మె గెలిచింది. ఆ తరవాత నాలుగేళ్ళకి మోకాలు పోయింది. నీలి తేలు వీడ్కోలు కుస్తీ ఆడలేదు, చెప్పాపెట్టకుండా వెళ్ళటం మానేశాడు. ముసుగు ముసుగులాగే ఉండిపోయింది.

అలాంటిది పిల్లల బర్గర్ చేశారు. ఉల్లిపాయ కూడా లేకుండా.

ఆమె తలెత్తి గోడల మీద వెతికింది. గల్లాపెట్టె పైన, గాజు వెనక, నీలం గుడ్డ. పసుపు కొండీలు.  ముసలాయన ముసుగు ఇంట్లో బీరువాలో ఉంది, పోయిన వారమే చిమ్మెటలు పట్టకుండా ఎండలో వేసింది. కానీ తను కుట్టింది రెండు. రెండోది అదనంగా, ఎప్పుడైనా చిరిగితే పనికొస్తుందని. హిమేనా పుట్టినప్పుడు ఉయ్యాలకి చోటు కావాలని పాత బట్టల పెట్టె ఒకటి చర్చి సంతకి ఇచ్చేసింది. అంటే అది ఆ పెట్టెలో ఉందన్నమాట. మొగుడి పరువు గోడకెక్కించింది తనే. హెర్లిందా తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. సమ్మె రోజుల్లో పోలీసు లాఠీ ముందు కూడా అలా కూర్చోలేదు.

గంట మోగింది. పక్క బల్లకి 'గుడ్లగూబ' బర్గర్ వచ్చింది. మూత పక్కన పడేసి ఉంది. తెచ్చిన పిల్ల గొంతెత్తి, "గుడ్లగూబ. అసలు పేరు ఎలిసెయో మొంతాన్యెస్. ఊరు పర్రాల్" అని చాటింది. జనం బల్లల మీద అరచేతులు చరిచారు. ముసుగు పోయినవాడు బరిలో నిలబడి తన పేరూ ఊరూ చెప్పుకోవాలి. కుస్తీ పుట్టిన దగ్గర్నించీ అదే కట్టుబాటు. మళ్ళీ గంట మోగింది. ముసలాయన ముందుకి చిన్న పళ్ళెం వచ్చింది. "నీలి తేలు" అని పిల్ల ఒక్క క్షణం ఆగి, ఇంకేం చెప్పాలో తెలియక వెళ్ళిపోయింది. ఎవరూ బల్ల చరచలేదు.

బర్గర్ నోరు తెరుచుకుని ఉంది. మూత పక్కన బోర్లా పడుంది. ముసలాయన వేళ్ళతో పక్కనున్న బంగాళాదుంప వేపుడు ముక్క ఒకటి తీసుకుని నమిలాడు. బాగుందే అన్నాడు. కానీ బర్గర్ ముట్టుకోలేదు. నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆయన ఏది ముట్టుకోడో చూస్తే హెర్లిందాకి చాలు.

ఆమె లేచి నిలబడి బాల్తసార్‌ని పిలిచింది. పుట్టినరోజు పూటా గొడవ ఎందుకమ్మా అని నొయెమీ చెయ్యి లాగింది. ఆ కుటుంబంలో ఆ మాట ఎప్పుడూ పనిచెయ్యలేదు.

"మీ పట్టీలో తప్పుంది నాయనా" అంది హెర్లిందా. "నీలి తేలు ఎప్పుడూ ముసుగు తియ్యలేదు. ఆయన పేరు అటువైపు ఉండాలి. బర్రీటోల్లో."

బాల్తసార్ గోడ వైపు వేలు చూపించాడు. ముసుగు అక్కడుంటే మనిషి ఓడలేదంటే ఎలా పెద్దమ్మా అన్నాడు. మల్లుడు ముసుగు అమ్ముకోడు, దానం చెయ్యడు, ఓడితేనే అది చెయ్యి మారుతుంది. పైగా అయిదారేళ్ళు కుస్తీ పట్టినవాడు హఠాత్తుగా మాయమైపోయాడంటే సిగ్గుపడి పోయాడనే కదా. వాడు చెడ్డవాడు కాదు, తెలిసినంతలో లెక్క సరిగ్గానే కట్టాడు. అదే హెర్లిందాకి చిక్కు. చెడ్డవాణ్ణయితే తిట్టి ఊరుకోవచ్చు.

చుట్టూ బల్లలవాళ్ళు తినటం ఆపి చూస్తున్నారు. బాల్తసార్ అది గమనించాడు. వ్యాపారి కదా, ఊరుకుంటాడా, వెళ్ళి గంట కొట్టాడు. ఇవాళ బరిలో నిజం కుస్తీ ఉందని, పెద్దమ్మకీ తనకీ మూడు పట్లని, తీర్పు జనానిదని చాటాడు. డెబ్బైమంది ఒక్కసారి బల్లలు చరిచారు. మొదటి పట్టు తనదేనన్నాడు, ముసుగు గోడ మీదుంది గనక. జనం ఒప్పుకున్నారు. ముసలాయన తలవంచుకుని వేపుడు ముక్కలు లెక్కపెడుతున్నాడు.

"ఆ ముసుగు దింపు" అంది హెర్లిందా.

దింపించారు. ఆమె దాన్ని తిరగేసి, వెనక తాడు దూర్చే కంతల్ని వేలితో తడిమింది. తను కుట్టిన కుట్టు చేతికి తగిలింది, గడ్డం దగ్గర చిన్న అడ్డ కుట్టు, ఇంకెవరూ వెయ్యనిది.  కుట్టుమిషన్ మనిషి గొంతుతో మాట్లాడింది. ముసుగు ఒక్కసారి బిగించి కట్టినా ఈ కంతల చుట్టూ గుడ్డ ముడతలు పడుతుంది, పది కుస్తీలకి సాగి నోళ్ళు తెరుస్తుంది. ఇవి కుట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. లోపల నుదుటి దగ్గర చెమట ఉప్పు మరక లేదు. ఇది ఎవరి తలకీ ఎక్కని ముసుగు. ఎక్కనిదాన్ని ఎవడు విప్పుతాడు? ముప్ఫై ఏళ్ళు గుడ్డతో బతికినదాన్ని, నాకు చెప్పొద్దు అంది.

ముసుగు బల్ల బల్లకీ తిరిగింది. మూలనున్న ఇద్దరు కుట్టుపని ఆడవాళ్ళు కంతలు చూసి తలలూపారు. రెండో పట్టు హెర్లిందాది. ఈసారి చప్పట్లు ఎక్కువసేపు మోగాయి. హిమేనా కుర్చీ ఎక్కి నిలబడింది.

బాల్తసార్ నెత్తి గోక్కున్నాడు. ఓడిపోతున్నందుకు కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగాడు: "పెద్దమ్మా, నీకెందుకింత పట్టుదల? నీలి తేలు నీకేమవుతాడు?"

 బల్ల కింద ముసలాయన బూటు వచ్చి హెర్లిందా పాదం మీద మెల్లిగా ఆనింది. తొక్కలేదు, ఆనింది, అంతే.

ఒక్క మాట చాలు. నా మొగుడు అంటే చాలు, ఆట అయిపోతుంది, సాక్ష్యం పక్కనే కూర్చుని వేపుడు ముక్కలు తింటోంది. కానీ ఆ మాట అన్న మరుక్షణం డెబ్బైమంది ఆయన మొహం చూస్తారు. నలభైమూడేళ్ళ కిందట డబ్బు సంచి చూపించి కూడా ఎవడూ తియ్యించలేని ముసుగుని ఆమె తన చేత్తో, అదీ బరి మధ్యలో, ఊడబెరికినట్టవుతుంది. గెలిస్తే ఓడినట్టు. ఓడితే ఆయన జన్మంతా పిల్లల బర్గరు. 

ఆమె కళ్ళు పక్క బల్ల మీదికి పోయాయి. సగం తిన్న గుడ్లగూబ, దాని పక్కన మూత.

"నేనెవరో తరవాత" అంది. "ముందు నేనడిగింది చెప్పు. నీ బర్గర్లు మొదటి నించీ చదువు. పేరూ, ఊరూ."

బాల్తసార్ మొహం వెలిగింది. వాళ్ళ నాన్న పాత పత్రికల ముక్కలు కత్తిరించి అట్టల మీద అంటించిపోయాడు, అవి చూస్తూ పెరిగాడు వాడు. గుడ్లగూబ, ఎలిసెయో మొంతాన్యెస్, పర్రాల్. ఎర్ర ఉరుము, గౌదెన్సియో రియోస్, దెలీసియాస్. తెల్ల నక్క, అబుందియో లేర్మా, ఒహినాగా. వేళ్ళు మడుస్తూ పోయాడు. ఒక్కొక్క పేరుకీ జనం బల్ల చరుస్తున్నారు. ఎనిమిది పేర్లు, ఎనిమిది ఊళ్ళు, ఒక్క తడబాటు లేదు.

"తొమ్మిదోది" అంది హెర్లిందా.

"నీలి తేలు" అన్నాడు బాల్తసార్. ఆగాడు. 

"నీలి తేలుది ఏ ఊరు?"

వాడు వంటింటి వైపు చూశాడు. అక్కడా ఎవరికీ తెలీదు. మూలన కూర్చున్న ముసలివాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకాయన ఆ రోజుల్లో ఒక్క ఆదివారం కూడా మానలేదట, నీలి తేలు కుస్తీలు వందకి పైగా చూశాడట, పేరు మాత్రం వినలేదన్నాడు. ముసుగు పోయి ఉంటే ఆ రాత్రే వినేవాళ్ళం, పొద్దున పత్రికలో చదివేవాళ్ళం అన్నాడు ఇంకొకాయన.

"ఓడినవాడి పేరు ఊరంతా తెలియాలి. తెలీలేదంటే ఓడలేదనే" అంది హెర్లిందా, కూర్చుంటూ. 

ఎవరో ఒక బల్ల చరిచారు. తరవాత అన్నీ. గాజు పెట్టెలు గలగలలాడాయి. బాల్తసార్ పొట్ట కదిలేలా నవ్వాడు. నడుముకున్న గిల్టు పట్టీ విప్పి హెర్లిందా బల్ల మీద పెట్టాడు. నలుగురు చూస్తుండగా సుద్దముక్క తెచ్చి, గోడకున్న తిండి పట్టీ పలక మీద ఎడమవైపు తొమ్మిదో వరస చెరిపేశాడు. కుడివైపు అన్నిటికంటే పైన రాశాడు. ఓడిపోయి అంత సంతోషపడ్డవాణ్ణి హెర్లిందా ఎక్కడా చూడలేదు. ఫ్యాక్టరీ యజమానులు వీడి దగ్గర పాఠం చెప్పించుకోవాలి అనుకుంది.

మరి ఈ బర్రీటోలో ఏం పెట్టాలి పెద్దమ్మా, నువ్వే చెప్పు అన్నాడు బాల్తసార్. ఆమె నోరు తెరిచేలోపు పక్కనించి గొంతు వచ్చింది.

"ఎర్ర మిరపకాయ ముద్దలో ఉడికిన పంది మాంసం. బీన్సు. జున్ను వద్దు. కుస్తీకి ముందు జున్ను తింటే ఊపిరి బరువెక్కుతుంది" అన్నాడు ముసలాయన. ఒక్క క్షణం ఆగి, "అని ఎవరో చెప్పగా విన్నాను" అని కలిపాడు.

బాల్తసార్ ఆయన వైపు తిరిగాడు. ముక్కు దూలం వంకర చూశాడు. ఎడమ చెవి, నలిగి ముద్దయిపోయిన చెవి, చూశాడు. పై తాడు మీద అలవాటుగా పడి ఉన్న చెయ్యి చూశాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ నిజమైన కుస్తీ అభిమాని వాడు, పోల్చుకున్నవాడు నోరు మూసుకోవాలన్నది వాడికి తండ్రి నేర్పిన మొదటి పాఠం. ఎవరికో అన్నట్టు చిన్నగా తల వంచి, వంటింట్లోకి వెళ్ళి తనే స్వయంగా చుట్టాడు.

గంట మోగింది. నీలం కాగితంలో చుట్టిన బర్రీటో, ముంజేతి అంత. బాల్తసార్ రెండు చేతులతో పట్టుకొచ్చి ముసలాయన ముందు పెట్టి, గొంతెత్తాడు.

"నీలి తేలు. పేరు మాకు తెలీదు. ఊరు మాకు తెలీదు."

షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంతగా చరిచారు. నొయెమీ కూడా చరిచింది, ఏం జరుగుతోందో సగం అర్థంకాకపోయినా. తరవాత కేకు వచ్చింది, హిమేనా కొవ్వొత్తులు ఆర్పింది, బాల్తసార్ పాట పాడాడు, వాడికి పాట రాదు.

ఆ సందడిలో హెర్లిందా ఒక్కటే గమనించింది. చిన్న బర్గర్ ఇంకా బల్ల చివర ఉంది, అలాగే, నోరు తెరుచుకుని. హిమేనా ఎవరూ చూడట్లేదనుకుని చెయ్యి చాచింది. పక్కన పడున్న మూత తీసి, జాగ్రత్తగా, అంచులు సరిచేసి, బర్గర్ మీద పెట్టింది. పెట్టి తాత వైపు చూడనైనా చూడలేదు. కేకు తినటంలో పడింది.

ముసలాయన బర్రీటో ఆఖరి ముక్క దాకా తిన్నాడు. కారం కొంచెం తక్కువ అన్నాడు.

బయటికొచ్చి ఎండలో నడుస్తుంటే తల్లీ కూతుళ్ళు ముందు పోతున్నారు. బాల్తసార్ ముసుగు తీసుకుపొమ్మంటే ముసలాయన వద్దన్నాడు, గోడ మీదే బాగుందన్నాడు. ఇక హెర్లిందాకి ఆగలేదు. ఆ ముసుగు గోడ మీదికి ఎలా వచ్చిందో తెలుసా అంది. ఉయ్యాల సంగతి, పెట్టె సంగతి, చర్చి సంత సంగతి చెప్పింది. తప్పు నాదే అంది. జన్మలో ఆ మాట ఆమె నోట రెండోసారి.

ముసలాయన మోకాలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పెట్టె చర్చి దాకా మోసిందెవరు?"

"నువ్వే."

"దారిలో తెరిచి చూశాను" అన్నాడు. "రెండోది నా తలకి ఎక్కనే లేదు, అంత బిగుతు. నీతో అనే ధైర్యం లేక మూత పెట్టేశాను."